‘టు’ పక్కన నిలబడ్డ క్రియ

వాక్యంలో ‘టు’ కనిపించి దాని పక్కన క్రియ ఉంటే కింద గీత గీసెయ్యడం ఇన్ఫినిటివ్ పాఠంలో తేలికైన సగం. పరీక్ష పేపర్లో పిల్లల చెయ్యి ఆగిపోయేది రెండో సగం దగ్గర. గీత గీసిన ఆ మాట వాక్యంలో ఏం పని చేస్తోంది? నామవాచకమా, విశేషణమా, క్రియావిశేషణమా? ఆ సంగతి తేల్చే ఉపాయం మీ నోట్లోనే ఉందర్రా. అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగే ఆ ఉపాయం. ఇవాళ దాని కబుర్లు చెప్పుకుందాం.

ముందు ఇన్ఫినిటివ్ అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లీషు క్రియ వాక్యాన్ని నడిపించేటప్పుడు కాలానికీ కర్తకీ కట్టుబడి ఉంటుంది. ‘షి రైట్స్’ అనాలి, ‘దే రైట్’ అనాలి. నిన్నటి సంగతైతే ‘షి రోట్’ అనాలి. ‘టు రైట్’కి ఈ కట్టుబాటు లేదు. రాసేది ఆవిడైనా వాళ్ళైనా, నిన్నైనా రేపైనా దాని రూపం అదే. ‘షి వాంట్స్ టు రైట్’ అన్నా, ‘దే వాంటెడ్ టు రైట్’ అన్నా ‘రైట్’ ఇసుమంత కూడా కదలదు. ఇలా హద్దు పడలేదు కనకే లాటిన్ వ్యాకర్తలు దానికి హద్దు లేనిదనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు ఆ పేరే తెచ్చి వాడుకుంటున్నారు. కాలం లేదన్నాను గానీ, ముందువెనకలు చెప్పే శక్తి మాత్రం దానికి ఉంది. ‘హి సీమ్స్ టు బి గోయింగ్’ అంటే వెళ్తున్నట్టుంది, ‘హి సీమ్స్ టు హావ్ గాన్’ అంటే వెళ్ళిపోయినట్టుంది.

ఇక పని సంగతి. తాతయ్యల తువ్వాలు చూశారుగా? తలకి చుడితే తలపాగా, భుజాన వేసుకుంటే ఉత్తరీయం, అరుగు మీద పరిస్తే ఆసనం. ఇంగ్లీషు ఇన్ఫినిటివ్ కూడా అంతే. రూపం మార్చుకోకుండా, ఉన్న చోటుని బట్టి పని మార్చుకుంటుంది. తెలుగు పద్ధతి వేరు. పని మారగానే తెలుగు క్రియ తన చివర మార్చేసుకుంటుంది. అందుకని ఇంగ్లీషు వాక్యాన్ని మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పుకుంటే, అక్కడ దాగి ఉన్న పని ఇక్కడ క్రియ చివర బయటపడుతుంది.

‘టు స్విమ్ ఇన్ ది గోదావరి ఈజ్ నాట్ ఈజీ.’ దీన్ని మీరైతే ఎలా అంటారు? ‘గోదాట్లో ఈదడం తేలిక కాదు’ అంటారు. ‘ఈదడం’ అనగానే క్రియ నామవాచకమైపోయింది, కర్త చోట్లో కూచుంది. ఇంగ్లీషు ‘టు స్విమ్’ పని కూడా అదే. ‘హిస్ డ్రీమ్ ఈజ్ టు బిల్డ్ ఎ స్కూల్’ అంటే ‘అతని కల బడి కట్టడం’ అనుకోండి. మళ్ళీ ‘డం’ వచ్చింది, మళ్ళీ నామవాచకమే. ఈసారి అది కర్త ఏమిటో విప్పి చెబుతోంది గనక దాన్ని కాంప్లిమెంట్ అంటారు. ‘షి వాంట్స్ టు లెర్న్ వీణ’ దగ్గర మనం ‘వీణ నేర్చుకోవాలనుకుంటోంది’ అంటాం. ఏమనుకుంటోంది? నేర్చుకోవాలని. ‘ఏమి’ అన్న ప్రశ్నకి జవాబుగా వచ్చింది కాబట్టి అది కర్మ. ‘ఐ డోంట్ నో వాట్ టు డూ’ అన్నా అంతే, ‘ఏం చెయ్యాలో తెలీదు’. తెలియనిది ఏమిటో అదే చెబుతోంది.

ఈ నామవాచకాల గుంపులో ఒక చిన్న మెలిక ఉంది. ఇంగ్లీషువాళ్ళు బరువైన కర్తని వాక్యం మొదట్లో మొయ్యడానికి ఇష్టపడరు. ‘టు ఫైండ్ వర్క్ ఈజ్ హార్డ్’ అనడం తక్కువ, ‘ఇట్ ఈజ్ హార్డ్ టు ఫైండ్ వర్క్’ అనడమే ఎక్కువ. ఆ ‘ఇట్’కి సొంతంగా అర్థమేమీ లేదు, కర్త చోటు ఖాళీగా ఉండకుండా కూచుందంతే. అసలు కర్త చివర్లో ఉన్న ‘టు ఫైండ్ వర్క్’. తెలుగులో ‘పని దొరకడం కష్టం’ అంటే సరిపోతుంది. మనకి ఆ ‘ఇట్’ అక్కర్లేదు కాబట్టే మన పిల్లలు దాన్ని మర్చిపోయి ‘ఈజ్ హార్డ్’ అని మొదలెడుతుంటారు.

విశేషణం పనిలో ఉన్న ఇన్ఫినిటివ్ ఒక నామవాచకాన్ని అంటిపెట్టుకుని, దాని వెనకాలే వస్తుంది. ‘ఎ లెటర్ టు రైట్’ అంటే రాయాల్సిన ఉత్తరం. ‘రాయాల్సిన’ అన్నప్పుడే తెలుస్తోంది, తర్వాత నామవాచకం రాక తప్పదని. ఇక్కడ నాకు భలే ఇష్టమైన సంగతి ఒకటుంది, కాస్త నిదానంగా చూడండర్రా. తెలుగులో రాయడానికి ఉత్తరం, రాయడానికి పెన్ను, రాయడానికి కాగితం, రాయడానికి స్నేహితుడు అన్నామనుకోండి. నాలుగు చోట్లా ‘రాయడానికి’ ఒకటే. ఉత్తరం రాయబడేదనీ, పెన్ను రాసే సాధనమనీ, కాగితం మీద రాస్తామనీ, స్నేహితుడికి రాస్తామనీ మనకి లోకజ్ఞానంతో అర్థమైపోతుంది. ఇంగ్లీషు ఆ తేడాని చెప్పకుండా వదలదు. ‘ఎ లెటర్ టు రైట్’, ‘ఎ పెన్ టు రైట్ విత్’, ‘పేపర్ టు రైట్ ఆన్’, ‘ఎ ఫ్రెండ్ టు రైట్ టు’. వాక్యం చివర ఆ ‘విత్’, ‘ఆన్’, ‘టు’ ఉండి తీరాలి. మనవాళ్ళు ‘గివ్ మి ఎ చెయిర్ టు సిట్’ అని ఆపేస్తారు, ‘టు సిట్ ఆన్’ అనాలి. ‘ఎ హౌస్ టు లివ్’ అంటారు, ‘టు లివ్ ఇన్’ అనాలి. తెలుగులో ఆ విభక్తి కనపడదు గనక ఇంగ్లీషులోనూ జారిపోతోంది. ఇందులో పిల్లల తెలివితక్కువతనం ఏమీ లేదు. రెండు భాషలు రెండు చోట్ల అర్థాన్ని దాచుకుంటాయి, అంతే.

క్రియావిశేషణం పనికి వద్దాం. ‘హి రాన్ టు క్యాచ్ ది బస్.’ బస్సు అందుకోడానికి పరిగెత్తాడు. ఎందుకు పరిగెత్తాడన్న దానికి జవాబు అది. ‘ఇన్ ఆర్డర్ టు’ అని పెట్టి చూసినా వాక్యం నిలబడుతుంది, అది ఇంగ్లీషు వైపు నుంచి ఇంకో పరీక్ష. మరి విశేషణానికీ ‘డానికి’, దీనికీ ‘డానికి’ అయితే తేడా ఎలా తెలుస్తుందంటారా? దాని చెయ్యి ఎవరు పట్టుకున్నారో చూడండి. ‘తాగడానికి నీళ్ళు’ అంటే పక్కన నామవాచకం, కాబట్టి విశేషణం. ‘తాగడానికి వచ్చాడు’ అంటే పక్కన క్రియ, కాబట్టి క్రియావిశేషణం. ‘ఐ బ్రాట్ ఎ బుక్ టు రీడ్’ లాంటి చోట రెండూ కుదురుతాయి. చదవాల్సిన పుస్తకమొకటి తెచ్చానన్నా సరే, చదువుకుందామని తెచ్చానన్నా సరే. ఇలాంటి వాక్యం ఇచ్చి ఒక్క జవాబే ఒప్పని పట్టుబట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

తెలుగు పెట్టే పరీక్ష ఒక్కోసారి పాఠ్యపుస్తకం కన్నా సూక్ష్మంగా ఉంటుంది. ‘హి వోక్ అప్ టు ఫైండ్ ది హౌస్ ఎంప్టీ’ చూడండి. ఇల్లు ఖాళీగా ఉండటం చూడ్డానికి లేచాడంటే అర్థమే చెడిపోతుంది. ‘లేచి చూస్తే ఇల్లంతా ఖాళీ’ అనాలి. అంటే ఇక్కడ ఇన్ఫినిటివ్ ఉద్దేశం చెప్పడం లేదు, ఆ తర్వాత ఏమైందో చెబుతోంది. ‘ఐ యామ్ గ్లాడ్ టు సీ యూ’ అంటే మిమ్మల్ని చూసి సంతోషమైంది. ‘చూసి’ అన్నాం, అది కారణం. ‘దిస్ బుక్ ఈజ్ ఈజీ టు రీడ్’ అంటే ఈ పుస్తకం చదవడానికి తేలిక, ఎందులో తేలికో చెబుతోంది. పుస్తకాల్లో ఇవన్నీ క్రియావిశేషణం అనే ఒక్క పేరు కింద ఉంటాయి. మన తెలుగు మాత్రం ‘డానికి’, ‘చూస్తే’, ‘చూసి’ అని ఒక్కొక్కదానికి ఒక్కో రూపం ఇచ్చింది.

మీ నాన్నల తరం, మా తరం చదివిన రెన్ అండ్ మార్టిన్ గ్రామరు మీకు తెలిసే ఉంటుంది. అందులో నామవాచకం పని చేసేదాన్ని సింపుల్ ఇన్ఫినిటివ్ అనీ, విశేషణం, క్రియావిశేషణం పనులు చేసేదాన్ని జెరండియల్ ఇన్ఫినిటివ్ అనీ విడదీశారు. ఆ రెండో పేరు వెనక వెయ్యేళ్ళ చరిత్ర ఉంది. పాత ఇంగ్లీషులో ఇన్ఫినిటివ్‌కి ‘టు’ లేదు. రాయడాన్ని ‘వ్రీటన్’ అనేవారు, చివర ‘అన్’ చేరిస్తే చాలు. ఉద్దేశం చెప్పాలంటే మాత్రం ముందు ‘టో’ పెట్టి, ‘టో వ్రీటెన్నె’ అని చివరకి చతుర్థి విభక్తి లాంటిది తగిలించేవారు. అప్పట్లో ఆ ‘టో’ అచ్చమైన ప్రిపొజిషనే, ‘వైపుకి’ అని దాని అర్థం. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలుచుకున్నాక వచ్చిన మూడు నాలుగు శతాబ్దాల్లో ఇంగ్లీషు మాటల చివర్లు అరిగిపోయాయి. ‘అన్’ కాస్తా ‘ఎన్’ అయి, ‘ఎ’ అయి, చివరికి ఏమీ మిగల్లేదు. ఇన్ఫినిటివ్‌ని గుర్తుపట్టడానికి చివర్న ఏ ఆనవాలూ లేకపోయేసరికి ముందున్న ‘టు’ ఆ బాధ్యత తీసుకుంది. జర్మన్‌లో ఇప్పటికీ ‘ష్రైబెన్’ అని చివర ‘ఎన్’ నిలిచే ఉంది. ఇంగ్లీషులో ‘టు’ కనపడితే ఇన్ఫినిటివ్ అనుకునే అలవాటు ఇలా వచ్చింది.

మరి తెలుగులో ఇన్ఫినిటివ్ లేదా? ఉంది, రోజూ వందసార్లు మీ నోటమ్మట వస్తోంది కూడా. చెయ్యగలడు, చెయ్యలేదు, చెయ్యొచ్చు, చెయ్యాలి, చెయ్యబోతున్నాడు, చెయ్యనివ్వు. అన్నిట్లోనూ ముందున్నది ‘చేయ’. చేయ వచ్చు కలిసి చెయ్యొచ్చు అయింది, చేయ వలె కలిసి చెయ్యాలి అయింది. కాలం లేదు, కర్త గుర్తు లేదు, అచ్చం ఇన్ఫినిటివ్ లక్షణాలే. పాత తెలుగులో దాని పూర్తి రూపం ‘చేయన్’. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకి అది తుమున్నర్థకం అనే పేరుతో తెలుసు. ఆ చివరి ‘న్’ చాలా చోట్ల రాలిపోయింది గానీ ‘చెయ్యనివ్వు’లో ఇంకా బతికే ఉంది. చేయన్, ఇవ్వు, రెండూ కలిపి పలికి చూడండి, వినపడుతుంది. పాత ఇంగ్లీషులోనూ ‘అన్’, పాత తెలుగులోనూ ‘అన్’ అని ఆశ్చర్యపోకండి. అది కాకతాళీయమే, రెండిటికీ చుట్టరికం లేదు.

ఇప్పుడు ఇంగ్లీషులో ‘టు’ లేకుండా వచ్చే ఇన్ఫినిటివ్ ఎక్కడెక్కడ వస్తుందో చూడండి. ‘కెన్ డూ’, ‘మే డూ’, ‘మస్ట్ డూ’, ‘విల్ డూ’, ‘లెట్ హిమ్ డూ’. వాటి పక్కన మన మాటలు పెట్టండి. చెయ్యగలడు, చెయ్యొచ్చు, చెయ్యాలి, చెయ్యబోతున్నాడు, చెయ్యనివ్వు. రెండు పట్టికలూ దాదాపు ఒక్కటే! సామర్థ్యం, వీలు, అవసరం, అనుమతి చెప్పే మాటల పక్కన రెండు భాషలూ క్రియని బోసిగానే నిలబెట్టాయి. ‘మేక్’, ‘సీ’, ‘హియర్’ తర్వాత కూడా ఇంగ్లీషులో ‘టు’ ఉండదు. ‘షి మేడ్ హిమ్ క్రై.’ కానీ వాక్యాన్ని కర్మణిలోకి తిప్పగానే ‘టు’ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది, ‘హి వాజ్ మేడ్ టు క్రై’. ఇది గుర్తు పెట్టుకోవాల్సిందే, దగ్గరి దారి లేదు.

తుమున్ అన్న మాట సంస్కృతం నుంచి వచ్చింది. గంతుమ్, కర్తుమ్, పఠితుమ్ అంటారే, ఆ ప్రత్యయం. పాణిని అష్టాధ్యాయి మూడో అధ్యాయంలో దీన్ని ఎంత నిక్కచ్చిగా చెప్పాడో! ఒక పని కోసం ఇంకో పని చేస్తున్నప్పుడు తుమున్ వస్తుందని ఒక సూత్రం. కోరిక చెప్పే ధాతువుల పక్కన, రెండు పనులకీ కర్త ఒక్కడే అయితే వస్తుందని ఇంకో సూత్రం. ఆ రెండో నియమం ఇంగ్లీషుకి లేదు. ‘ఐ వాంట్ టు గో’ అనొచ్చు, ‘ఐ వాంట్ హిమ్ టు గో’ అని వేరే కర్తనీ ఇరికించొచ్చు. తెలుగులో ఈ రెండో వాక్యానికి ‘వాడు వెళ్ళాలని నా కోరిక’ అని దారి మార్చుకుంటాం. ఇన్ఫినిటివ్‌నే వదిలేసుకున్న భాషలూ ఉన్నాయి. ప్రాచీన గ్రీకులో అది నిక్షేపంలా ఉండేది, ఇప్పటి గ్రీకులో లేదు. ‘నేను రాయాలనుకుంటున్నాను’ అనడానికి వాళ్ళు ‘అనుకుంటున్నాను, నేను రాసేలా’ అన్న పద్ధతిలో రెండు క్రియలకీ కర్త గుర్తు పెడతారు. పొరుగున బల్గేరియన్ కూడా అదే దారి పట్టింది.

‘టు’ మోసం చేసే చోట్లు చెప్పకుండా వదలకూడదు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘హియర్’ అని రాసిన ఉత్తరాలు ఆఫీసుల్లో ఎన్ని తిరుగుతున్నాయో. అది ‘హియరింగ్’. అక్కడి ‘టు’ ప్రిపొజిషన్. ఎలా తెలుసుకోవాలంటే, దాని తర్వాత మామూలు నామవాచకం పెట్టి చూడండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ది హాలిడేస్’ చక్కగా కుదిరింది, కనక ప్రిపొజిషనే. ‘ఐ వాంట్ టు ది హాలిడేస్’ కుదరదు, కనక అక్కడ ఇన్ఫినిటివ్. ఇంకో జంట చూడండి. ‘రిమెంబర్ టు లాక్ ది డోర్’ అంటే తలుపు తాళం వెయ్యడం మర్చిపోకు. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అంటే తాళం వేసినట్టు గుర్తు. ఇన్ఫినిటివ్ ముందున్న పని వైపు చూస్తోంది, ‘ఇంగ్’ అయిపోయిన పని వైపు చూస్తోంది. ‘వైపుకి’ అన్న ఆ పాత ‘టో’ అర్థం ఇప్పటికీ అక్కడ మెదులుతోందనిపిస్తుంది నాకు.

‘టు’కీ క్రియకీ మధ్య ఇంకో మాట దూర్చకూడదని కొందరు మాస్టార్లు గట్టిగా చెబుతారు. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే చర్చి పెద్ద దాని మీద అభ్యంతరం రాశాడు. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఆ భయాన్ని చాలామటుకు పోగొట్టాడు. ‘టు రియల్లీ అండర్‌స్టాండ్’ అని నిర్భయంగా రాయండి.

ఇన్ఫినిటివ్‌లో అన్నిటికన్నా లోతైన విషయం దాని కనిపించని కర్త. పని ఉంది గానీ చేసేవాడి పేరు పక్కన లేదు. ‘సీత ఈజ్ ఈగర్ టు ప్లీజ్’, ‘సీత ఈజ్ ఈజీ టు ప్లీజ్’. ఒక్క మాట తప్ప రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మొదటిదానికి సీతకి అందర్నీ సంతోషపెట్టాలని ఆరాటమని అర్థం, సంతోషపెట్టేది సీత. రెండోదానికి సీతని సంతోషపెట్టడం తేలికని అర్థం, సంతోషపెట్టేది ఇంకెవరో. తెలుగులో ‘కి’, ‘ని’ వచ్చి గుట్టు విప్పాయి. ఇంగ్లీషులో పైకి ఏ గుర్తూ లేదు. ఇలాంటి జంటని 1960ల్లో నోమ్ చామ్‌స్కీ ప్రసిద్ధి చేశాడు. వాక్యం పైపైన కనిపించే వరస ఒకటి, లోపలి సంబంధాలు వేరొకటి అని చూపించడానికి.

ఆయన భార్య కరోల్ చామ్‌స్కీ ఆ సంగతిని పిల్లల దగ్గరికి తీసుకెళ్ళింది. ఐదు నుంచి పదేళ్ళ లోపు పిల్లలు 40 మందితో మాట్లాడి, 1969లో పుస్తకం వేసింది. కళ్ళకి గంతలు కట్టిన బొమ్మని ముందు పెట్టి, ‘ఈజ్ ది డాల్ ఈజీ టు సీ ఆర్ హార్డ్ టు సీ?’ అని అడిగేది. బొమ్మ ఎదురుగానే ఉంది, చూడ్డం తేలికే. కానీ చిన్నపిల్లలు ‘హార్డ్’ అనేవారు. తేలిక చెయ్యమంటే బొమ్మ కళ్ళ గంతలు విప్పేవారు! చూసేది బొమ్మే అనుకున్నారన్నమాట. ఇంగ్లీషు తల్లిభాషగా పుట్టిన పిల్లల సంగతి ఇది. అంటే ఇన్ఫినిటివ్ వెనక దాగిన కర్తని పట్టుకోవడం వాళ్ళకీ ఏళ్ళ మీద వచ్చే విద్యే. మన భాషలో ‘బొమ్మని చూడ్డం’ వేరు, ‘బొమ్మకి చూడ్డం’ వేరు.

అదే పుస్తకంలో ఇంకో పరీక్ష. ఒక బొమ్మ ఇంకో బొమ్మకి గెంతమని చెబితే ఎవరు గెంతాలి, గెంతుతానని మాటిస్తే ఎవరు గెంతాలి? ఇంగ్లీషులో ‘టెల్’, ‘ప్రామిస్’ తప్ప మిగతా వాక్యమంతా ఒక్కటే, రెండు చోట్లా ‘టు హాప్’. చిన్నవాళ్ళు రెండిట్లోనూ రెండో బొమ్మనే గెంతించారు. తెలుగులో చెప్పి చూడండి. ‘గెంతమని చెప్పింది’, ‘గెంతుతానని మాటిచ్చింది’. ‘గెంతమని’లో ఎదుటివాడు, ‘గెంతుతానని’లో తాను. కర్త క్రియలోనే కూచుని ఉంది.

ఇక ఈ వాక్యం పట్టండర్రా. ‘గ్రానీ ప్రామిస్డ్ మి టు కమ్ టు హైదరాబాద్ టు సీ ది హౌస్ వి డిసైడెడ్ టు రెంట్.’ ‘టు’లు నాలుగున్నాయి. తెలుగులో ‘మేం అద్దెకి తీసుకోవాలనుకున్న ఇల్లు చూడ్డానికి హైదరాబాదు వస్తానని అమ్మమ్మ నాకు మాటిచ్చింది’. ‘వస్తానని’ మాటిచ్చినది ఏమిటో చెబుతోంది, నామవాచకం, వచ్చేది అమ్మమ్మ. ‘హైదరాబాదు’ ముందున్న ‘టు’ ప్రిపొజిషన్, దాని మీద గీత గీయకండి. ‘చూడ్డానికి’ రావడానికి ఉద్దేశం, క్రియావిశేషణం. ‘తీసుకోవాలని’ అనుకున్నది ఏమిటో చెబుతోంది, కర్మ, తీసుకునేది మేం.